పదిహేడో నంబర్ కస్టమర్

జూన్ 8, శనివారం

మొదటి క్లాసు అయింది. లైబ్రరీ పై అంతస్తు హాలు. ఫ్యాన్లు రెండు, తిరిగేది ఒకటి. పదహారు మంది పిల్లలు, కాలేజీలో కొత్తగా చేరినవాళ్లు. తొమ్మిది శనివారాల్లో వీళ్ల చేత ఒక చిన్న కంపెనీ పెట్టించి, నడిపించి, ఒక ఒడ్డుకు చేర్చాలి. జీతం లేదు, బత్తెం లేదు, టీ మాత్రం ఇస్తారు. అదీ చల్లారినది.

కార్యక్రమం నడిపే మేడమ్ నన్ను పరిచయం చేస్తూ, "సార్ ముప్ఫై ఒక్క ఏళ్లు వాటర్ ఫిల్టర్లు అమ్మారు" అంది. పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. రిటైరై ఎనిమిది నెలలైనా నా గొంతులో పదును తగ్గలేదని ఐదు నిమిషాల్లో చూపించాను. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఈ రోజు పాఠం వినడం గురించి. అమ్మేవాడికి కావాల్సింది నోరు కాదు, చెవులు అని చెప్పాను. నలభై నిమిషాలు చెప్పాను, బ్రహ్మాండంగా వచ్చింది. చివర్లో ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తి, "మేమెప్పుడు మాట్లాడచ్చు సార్?" అంది. ప్రతిదానికీ వాదన పెట్టుకుంటుంది. లాయరమ్మ అని పేరు పెట్టాను.

ఇంటికొచ్చి ఇదంతా చెబుదామంటే మా ఆవిడ స్నానాల గదిలో ఉంది. కుళాయి విప్పి అరగంట. ఈ మధ్య రోజూ ఇంతే. నీళ్లేమైనా మన తాతగారి సొమ్మా?

జూన్ 15, శనివారం

సర్వే చీటీ తయారుచేశాం. మూడే ప్రశ్నలు. ఒకటి, డబ్బిచ్చి కొనుక్కుందామన్నా మీకు దొరకనిదేమిటి? రెండు, దానికి ఎంత ఇవ్వగలరు? మూడు, అది దొరకక ఇప్పుడేం చేస్తున్నారు? మూడోది నా సొంత ప్రశ్న. అసలు గుట్టంతా అందులోనే ఉంటుంది.

రూలు కూడా నాదే. చీటీ మీద పేరు ఉండకూడదు, నంబరే ఉండాలి. ఏ నంబర్ ఎవరిదో అడిగి తెచ్చినవాళ్లకి మాత్రమే తెలియాలి, నాక్కూడా చెప్పకూడదు. కస్టమర్ ఇంటి సంగతులు మనకి అనవసరం. లాయరమ్మ దీన్ని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసింది. ఈ ఒక్క విషయంలో వాదించలేదు, ఆశ్చర్యం.

ఈ వారం తలా నాలుగిళ్లు తిరుగుతారు.

జూన్ 22, శనివారం

అరవై నాలుగు చీటీలు. బల్ల మీద పరిచి అందరం చదివాం. ఒకాయనకి గురక పెట్టని రూమ్మేట్ కావాలట. ఒకావిడకి సమయానికి వచ్చే ప్లంబర్ కావాలట. అలాంటివాడు ఇంకా పుట్టలేదని చెప్పాను, బాగా నవ్వారు.

పదిహేడో నంబర్ చీటీ లాయరమ్మ గట్టిగా చదివింది.

"ఒకటి. ఒక గది. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా. అందులో ఎవరూ మాట్లాడకూడదు. రెండు. ఎంతైనా. మూడు. స్నానాల గదిలో కుళాయి విప్పుకుని కూర్చుంటున్నాను. ఆ శబ్దానికి ఇంకేమీ వినపడదు."

నేను మంచినీళ్లు తాగాను.

తర్వాత ఆ చీటీ చేతిలోకి తీసుకుని చూశాను. "గంటలు" అని రాసి కొట్టేసి "రెండు నుంచి ఐదు" అని దిద్దారు. కొట్టేసిన మాటలో సున్న ఉంది. సున్న మధ్యలో చుక్క ఉంది.

సున్నలో చుక్క పెట్టేవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు.

జూన్ 23, ఆదివారం

చాలా ఇళ్లలో స్నానాల గదులున్నాయి. చాలా ఇళ్లలో కుళాయిలున్నాయి.

జూన్ 24, సోమవారం

సరుకుల చీటీ వంటింట్లో మేకుకి గుచ్చి ఉంది. ఊరికే చూశాను. "కందిపప్పు ఒక కిలో. ఇంగువ." ఇంగువలో చుక్క. కందిపప్పులోనూ చుక్క.

ఇరవై ఏడేళ్ల నుంచీ ఈ చీటీలు పట్టుకుని కొట్టుకి వెళ్తున్నాను. కొట్టువాడు కూడా ఒకసారి అడిగాడు, "అమ్మగారు సున్నాలకి బొట్టెందుకు పెడతారండీ" అని. ఇంటికొచ్చి చెబితే ఆవిడ చాలాసేపు నవ్వింది. అలా నవ్వి ఎన్నాళ్లైందో గుర్తు రావడం లేదు.

ఎంత మాట! కుళాయి! నేనేమైనా తాగొచ్చి కొట్టే మనిషినా? జీతమంతా తెచ్చి చేతిలో పెట్టాను. ఇప్పుడు పెన్షను పెడుతున్నాను. ఎక్కడికెళ్లినా, ఏం చూసినా ముందు ఆవిడకే చెబుతాను. ఎంతమంది మగాళ్లు అలా చెబుతారు? పక్కింటి ఇంజనీరు భార్యతో వారానికి రెండు మాటలాడడు. అతని ఇంట్లో కుళాయి కట్టేసే ఉంటుంది!

జూన్ 25, మంగళవారం

ఇవాళ సూటిగా అడిగేశాను. మనసులో దాచుకోవడం నాకు చేతకాదు. ఆవిడ బట్టలు మడతపెడుతోంది.

"నేనేమైనా ఎక్కువ మాట్లాడతానా?" అన్నాను.

ఆవిడ చేతిలో దుప్పటి పట్టుకుని నా వైపు చూసింది. అంతలో నాకు మా పాత జోనల్ మేనేజర్ గుర్తొచ్చాడు. వాడిదీ ఒక వాగుడా! ఒకసారి మీటింగులో మూడు గంటలు మాట్లాడి, కుర్చీ వెనక్కి పడి, కింద పడుకునే మిగతా పాయింట్లు చెప్పాడు. అదంతా చెప్పి, "వాడితో పోలిస్తే నేనెంత!" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. దుప్పటి మడత పూర్తిచేసింది. లేదనే కదా అర్థం.

జూన్ 29, శనివారం

పిల్లలు ఓటేసుకున్నారు. నలభై ఆలోచనలుంటే ఏరి ఏరి ఆ గదినే పట్టుకున్నారు. కొవ్వొత్తులు చేయండర్రా, సంచులు కుట్టండర్రా అని బతిమాలాను. వినలేదు.

"పదిహేడో నంబర్ ఒక్కరే కాదు సార్. ఇంకో నలుగురు ఇలాంటిదే రాశారు. రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మగారికి పగలు నిద్ర పట్టట్లేదు. కవల పిల్లల తల్లి ఒకావిడ ఉన్నారు. అవసరం నిజమైతే సరుకు దానంతటదే అమ్ముడవుతుందని మీరే చెప్పారు" అంది లాయరమ్మ.

నా మాటలు నాకే వడ్డించింది. ఈ హాలు పక్కనే విరిగిన కుర్చీలు పడేసిన చిన్న గది ఉంది. లైబ్రేరియన్ ఒప్పుకున్నాడు. కంపెనీ పేరు గప్‌చుప్ గది. గంటకి ఒక టీ ఖరీదు. ఫోన్లు బయట పెట్టెలో పడెయ్యాలి. లోపల గుసగుస కూడా కుదరదు. కాలేజీ ఒంటిగంటకే అయిపోతుంది కాబట్టి పిల్లలు వంతులవారీగా కాపలా.

మధ్యాహ్నమంతా కుర్చీలు మోశాం. నేను కూడా మోశాను. గోడకి సున్నం వేస్తూ అనిపించింది, ఎవరి కోసం వేస్తున్నానో ఈ పిల్లలకి తెలిస్తే ఏమైపోతారో అని. కిటికీ తలుపు కిర్రుమంటోంది. ఆవిడకి ఆ చప్పుడు పడదు. చేతికి నూనె రాసుకుని బందులకి పట్టించాను.

జూలై 1, సోమవారం

ఒంటిగంట ముప్పావుకి చెప్పులేసుకుంది. "లైబ్రరీకెళ్లొస్తా." అంతే.

జూలై 4, గురువారం

నాలుగు రోజులుగా రెండు నుంచి ఐదు. కుళాయి మోత లేదు. నీళ్ల బిల్లు తగ్గుతుంది. మంచిదే.

జూలై 5, శుక్రవారం

వెళ్లకూడదనుకుంటూనే వెళ్లాను. వేరే పనుంది కూడా, రిజిస్టర్ చూడాలి.

కాపలా ఉన్న కుర్రాడు నన్ను చూసి లేవబోతే వద్దని సైగ చేశాను. తలుపు పైభాగంలో అద్దం ఉంది. మడమలెత్తి చూశాను.

చదువుతోందేమో, కుడుతోందేమో, ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏమీ లేదు. కుర్చీలో కూర్చుని ఉంది. చెప్పులు విప్పి, కాలి వేళ్లు కదుపుకుంటూ కిటికీలోంచి ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టల్ని చూస్తోంది. అంతే. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఎంత హాయిగా ఉందంటే, పరాయి ఆవిడని దొంగచాటుగా చూసినట్టు సిగ్గేసింది.

మెట్లు దిగి వచ్చేశాను. ఆ ముఖం నేను లేనప్పటి ముఖం. నేను లేనప్పుడు ఆవిడ అంత బాగుంటుందన్నమాట. ఇంత వయసొచ్చి ఈ మాట రాస్తున్నాను, కుళ్లుగా ఉంది.

జూలై 6, శనివారం

పిల్లలకి ధర నిర్ణయించడం గురించి చెప్పాను. ధర మరీ తక్కువ పెట్టారు. టీ ఖరీదుకి గదేమిటి? రెట్టింపు చెయ్యమన్నాను. ఇది పూర్తిగా వ్యాపారపరమైన సలహా. నా స్థానంలో ఎవరున్నా ఇదే చెబుతారు.

జూలై 13, శనివారం

నర్సమ్మగారు, కవలల తల్లి రావడం తగ్గించేశారు. వారానికి ఒకరోజు వస్తున్నారు. పదిహేడో నంబర్ మాత్రం రోజూ వస్తోంది.

ఇంకొంచెం పెంచమన్నాను. గంటకి ఒక సినిమా టికెట్.

లాయరమ్మ నన్ను అదోలా చూసింది. "పెంచితే కారణం చెప్పాలి కదా సార్ కస్టమర్‌కి?"

"చెప్పండి. గిరాకీ అని చెప్పండి."

"గిరాకీ తగ్గింది కదా సార్."

ఈ పిల్లని చదివించకూడదు. చదవకుండానే ఇలా ఉంది.

జూలై 17, బుధవారం

ఆవిడ చేతికి ఉంగరం లేదు. అడిగితే "వేలు వాచింది, తీసి పెట్టా" అంది. బీరువాలో ఉంది, చూశాను. అమ్మలేదు. ఎందుకు చూశానో మాత్రం ఎవరూ అడగకూడదు.

ఇవాళ నేను మాట్లాడకుండా ఉందామనుకున్నాను. గడియారం పెట్టుకున్నాను. పదకొండు నిమిషాలు. పన్నెండో నిమిషంలో పేపర్లో ఒక వార్త కంటపడింది, చెప్పకుండా ఎవరుంటారు దాన్ని?

జూలై 20, శనివారం

ఈ రోజు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఒకే ఒక్క కస్టమర్ మిగిలిన వ్యాపారం వ్యాపారం కాదని, గౌరవంగా మూసేసి ఈ రెండు వారాలూ సంచులు కుట్టుకోమని చెప్పాను. లాయరమ్మ లేచి నిలబడింది.

"ధర పదింతలైనా కస్టమర్ కదలడం లేదంటే ఆ అవసరం మనం అనుకున్నదానికన్నా పెద్దదని, వెళ్లి అడగమని రెండో వారం చెప్పారు సార్. అడిగాం."

కొత్త చీటీ చదివింది. "పదిహేడు. ఒకటి, నెల అద్దెకి ఒక గది, పగలూ రాత్రీ. ఒక మనిషికి. రెండు, నా సొంత డబ్బుంది. మూడు, ఎదురుచూస్తున్నాను."

చప్పట్లు! పిల్లలు చప్పట్లు కొట్టారు! నర్సమ్మగారి మేడ మీద గది ఖాళీగా ఉందట. ఆవిడా ఒంటరి మనిషే, రాత్రుళ్లు డ్యూటీ. కుదిర్చినందుకు ఇద్దరి దగ్గరా చెరి కొంత రుసుము. ఒక్క దెబ్బకి కంపెనీ గట్టెక్కుతుంది. ఆగస్టు నాలుగో తారీఖు ఆదివారం సామాను మార్పిడి.

"ఆ కస్టమర్ ఇంట్లో ఎవరెవరున్నారో కనుక్కున్నారా?" అన్నాను.

పదహారు మందీ బోర్డు వైపు చూశారు. నేనూ చూశాను. పెద్దక్షరాలు ఇంకా చెరగలేదు.

"అది మనకి అనవసరం సార్" అంది లాయరమ్మ.

జూలై 20, సాయంత్రం

అడిగేశాను. ఉన్నదున్నట్టు రాస్తాను, ఒక్క ముక్క కలపను.

ఆవిడ వసారాలో కూర్చుని ఉంది. "పదిహేడో నంబర్ నువ్వేనా?" అన్నాను.

"ఎన్నాళ్లకి అడిగారు" అంది.

కోపం కట్టలు తెంచుకుంది. వీధిన పడేశావన్నాను. పిల్లల చేతిలో పెట్టావన్నాను. నా క్లాసు పిల్లలని తెలియదా అన్నాను.

"తెలుసు. చీటీ మీద మీ క్లాసు పేరుంది కదా. అందుకే రాశాను."

"అంటే?"

"నోటితో చెబితే మధ్యలో అందుకుంటారు. మొదలెట్టిన మాట మీ నోట్లో పడి ఇంకెక్కడికో పోతుంది. కాగితాన్నయితే మధ్యలో అందుకోలేరనుకున్నా. ఆ చీటీ ఎవరికో కాదండీ, మీకే రాశాను. సున్నలో చుక్క చూసి పోల్చుకుంటారని తెలుసు. పోల్చుకున్నారా లేదా?"

నేను తలూపాను.

"ఎప్పుడు?"

"ఆ రోజే."

"నెల రోజులైంది." ఆవిడ గొంతు పెంచలేదు. "ఏమోయ్, నీకేం కావాలి అని ఒక్కసారి అడుగుతారని చూశాను. రోజూ ఐదింటికి ఇంటికొచ్చేటప్పుడు ఇవాళ అడుగుతారు అనుకుంటూ వచ్చేదాన్ని. మీరేం చేశారు?"

నాకు మాట రాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు అమ్మకాల్లో ఉన్నాను. తలుపు మొహాన వేసినవాడితోనూ మాట్లాడాను. నాకు మాట రాలేదు.

"రేటు పెంచారు" అంది.

"నీకెవరు చెప్పారు?"

"ఆ పిల్లే. కారణం చెప్పాలి కదండీ, మా సార్ సలహా అంది. మొదటిసారి పొరపాటనుకున్నా. రెండోసారి పెంచాక వాళ్లు అడగగానే ఆ కొత్త చీటీ రాసిచ్చాను."

జూలై 21, ఆదివారం

రేటు పెంచారు.

జూలై 23, మంగళవారం

విడాకులు కాదట. అలక కూడా కాదట. ఒక నెల చూసుకుంటుందట. "తర్వాత?" అంటే, "తర్వాత సంగతి ఆ గదిలో కూర్చుని ఆలోచిస్తా, ఇక్కడ ఆలోచన మొదలెడితే మీరు వినిపిస్తారు" అంది.

నేను మారిపోతానన్నాను. ఎలా మారతానో వివరంగా చెప్పాను. చెబుతుండగా ఆవిడ గోడ గడియారం వైపు చూసింది. నాకు అర్థమై ఆపేశాను. ఆపానని కూడా చెప్పాను.

జూలై 27, శనివారం

క్లాసు. ఏం చెప్పానో గుర్తులేదు. సార్ ఒంట్లో బాలేదా అని అడిగారు. లాయరమ్మ తన టీ నాకిచ్చింది, వేడిగానే ఉంది.

ఈ ఏర్పాటు నేను ఒక్క మాటతో ఆపించగలను. మేడమ్‌కి ఫోన్ చేసి, పిల్లలు ఇల్లు అద్దెకిప్పించే వ్యవహారాల్లో తలదూర్చడం క్షేమం కాదంటే చాలు, కంగారుపడి రద్దు చేస్తుంది. రెండుసార్లు ఫోన్ తీశాను. రెండోసారి మోగింది కూడా. మేడమ్ ఎత్తేలోపు పెట్టేశాను.

మంచివాడినై కాదు. ఆ తలుపు అద్దంలోంచి చూసిన ముఖం గుర్తొచ్చింది. నేను రద్దు చేయించేది ఆ ముఖాన్ని.

ఆగస్టు 3, శనివారం

చివరి క్లాసు. కంపెనీ లాభంతో ముగిసింది. మేడమ్ మెచ్చుకుంది. "మీ పిల్లలదే ఈ ఏడాది మొదటిస్థానం సార్, మీ శిక్షణ!" అంది. శాలువా లాంటిది కప్పబోతే ఉక్కగా ఉందని తప్పించుకున్నాను.

ఆగస్టు 4, ఆదివారం

తొమ్మిదింటికి గంట మోగింది. ఆవిడ లోపల పెట్టె మూస్తోంది. నేనే వెళ్లి తలుపు తీశాను.

లాయరమ్మ. వెనక ఇద్దరు కుర్రాళ్లు, తోపుడు బండి.

"కస్టమర్ నంబర్..." అని మొదలెట్టి నన్ను చూసింది. ఇంటిని చూసింది. మళ్లీ నన్ను చూసింది. ఆ పిల్ల నోరు మూతపడటం అదే మొదలు. ముఖంలో రంగు మొత్తం దిగిపోయింది.

"సార్. చీటీకి వచ్చింది నేనే సార్. మీ ఇల్లని తెలీదు. ఒట్టు సార్, తెలీదు."

"రామ్మా" అన్నాను. "కస్టమర్ లోపలుంది. సామాను ఎక్కువ లేదు, ఒక పెట్టె, ఒక పరుపు."

అది కదల్లేదు. చేతిలో కాగితాలు వెనక్కి దాచుకుంది. ఇటివ్వమన్నాను. ఇవ్వలేదు. గట్టిగా అంటే ఇచ్చింది. పని పూర్తయినట్టు మార్గదర్శకుడు సంతకం పెట్టాల్సిన కాగితం. కస్టమర్ అవసరం తీరిందా? అవును, కాదు అని రెండు గళ్లు.

అవును మీద టిక్కు పెట్టాను. గుమ్మం మీద పెట్టుకుని సంతకం చేశాను. కింద వివరంగా రాయండి అని ఆరు గీతలున్నాయి. ఖాళీగా వదిలేశాను.

"సర్వే బాగా చేశావమ్మా" అన్నాను. ఆ పిల్ల ఏడ్చేసింది. మా ఆవిడ వచ్చి దాని భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్లి మంచినీళ్లిచ్చింది. పరుపు నేనూ ఒక కుర్రాడూ పట్టుకున్నాం. బండి కదిలే ముందు ఆవిడ నా వైపు చూసి, "మందులు డబ్బాలో వారానికి సరిపడా సర్దాను" అంది. సరే అన్నాను. ఇంకేమీ అనలేదు. ఆవిడ ఒక్క క్షణం ఆగింది, నేనేమైనా అంటానేమోనని. అనలేదు. అప్పుడు వెళ్లింది.

బండి మలుపు తిరిగేదాకా నిలబడి లోపలికొచ్చాను. నన్ను చూడగానే ఆ లాయరమ్మ ముఖం ఎలా మారిపోయిందో, ఆ కాగితం వెనక్కి దాచుకుంటూ ఎలా తడబడిందో తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది. ఎంత గట్టి పిల్ల! వెంటనే చెప్పాలి, లేకపోతే మర్చిపోతాను. "ఇది విన్నావా?" అంటూ వంటింటి దాకా వెళ్లాను.